ఫోన్‌లో నెట్ వస్తోంది, కంప్యూటర్‌లో మాత్రం డీఎన్ఎస్ ఎర్రర్: ఎక్కడ తెగిందో ముందు తేల్చండి

మీ సమస్య ఇదీ: ఒకే వైఫై మీద ఫోన్ బాగా పనిచేస్తోంది, విండోస్ కంప్యూటర్‌లో మాత్రం ఏ సైట్ తెరిచినా 'డీఎన్ఎస్ సర్వర్ నాట్ రెస్పాండింగ్' అంటోంది (డీఎన్ఎస్ అంటే సైట్ పేరును దాని నంబరు అడ్రస్‌గా మార్చి చెప్పే ఏర్పాటు). డీఎన్ఎస్ క్యాష్ ఫ్లష్ చేశారు, రౌటర్ ఆపి మళ్లీ పెట్టారు, అయినా మార్పు లేదు. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి చూశారా? అది ఆన్‌లో ఉంటే ఈ పోలికకు విలువ లేదు. ఆపేశాక కూడా వస్తుంటే లైను, రౌటర్ దాదాపు బాగున్నట్టే. తప్పు కంప్యూటర్‌లోనే వెతకాలి.

ఫ్లష్ చేస్తే పోయేవి కంప్యూటర్ దాచుకున్న పాత జవాబులే. అడిగినా జవాబు చెప్పేవాళ్లే లేనప్పుడు ఎన్నిసార్లు ఫ్లష్ చేసినా ఒరిగేదేమీ ఉండదు. అందుకే ఏ సెట్టింగూ మార్చకముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రెండు పరీక్షలు చేయండి (కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి).

మొదటిది, పింగ్ (ping) 1.1.1.1. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్ నుంచి జవాబు వస్తుందో లేదో ఇది చూస్తుంది. రిప్లైలు వస్తే నెట్ ఉంది, పేరును నంబరుగా మార్చే పని ఒక్కటే ఆగింది. రాకపోతే ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి చూడండి. మీ అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ దగ్గర్నుంచి అసలు అడ్రసే రాలేదన్నమాట. అది డీఎన్ఎస్ గొడవ కాదు. వైఫైని 'ఫర్గెట్' చేసి మళ్లీ కలపడంతో మొదలుపెట్టండి.

రెండోది ఎన్ఎస్‌లుకప్ (nslookup), అంటే ఒక పేరుకు నంబరు ఏమిటని డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగే కమాండ్. దీన్ని రెండుసార్లు నడపండి: ఒకసారి ఎన్ఎస్‌లుకప్ పక్కన వికీపీడియా.ఆర్గ్ అని మాత్రమే, ఇంకోసారి ఆ పేరు తర్వాత ఖాళీ వదిలి 8.8.8.8 చేర్చి. మొదటిసారి మీ కంప్యూటర్‌లో ఉన్న సర్వర్‌ని అడుగుతుంది, రెండోసారి నేరుగా గూగుల్ సర్వర్‌ని అడుగుతుంది.

ఎన్ఎస్‌లుకప్ మొదటిసారి ఇచ్చిన జవాబులో పై రెండు లైన్లు జాగ్రత్తగా చదవండి. 'సర్వర్: అన్‌నోన్' అని కనిపిస్తే కంగారు పడకండి, ఆ సర్వర్ నంబరుకు పేరు దొరకలేదని మాత్రమే దానర్థం. అసలు విషయం దాని కిందున్న 'అడ్రస్' లైనులో ఉంటుంది. 192.168తో మొదలైతే మామూలుగా అది మీ రౌటరే. 127.0.0.1 ఉంటే కంప్యూటర్‌లోనే ఉన్న ఏదో ప్రోగ్రామ్, అంటే వీపీఎన్ లేదా యాడ్ బ్లాకర్ లాంటిది, డీఎన్ఎస్‌ని తన చేతిలోకి తీసుకుంది. ఆ ప్రోగ్రామ్ ఆగిపోయినా, సరిగా అన్‌ఇన్‌స్టాల్ కాకపోయినా ఆ అడ్రస్ అలాగే మిగిలిపోతుంది. ఫోన్ పనిచేస్తూ కంప్యూటర్ మొరాయించే కేసుల్లో నేను ముందు అనుమానించేది దీన్నే. లేదంటే ఎప్పుడో చేత్తో ఎక్కించి మరిచిపోయిన నంబరు.

ఎన్ఎస్‌లుకప్ మొదటిసారి ఫెయిలై రెండోసారి పనిచేస్తే రోగం దొరికినట్టే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ.సీపీఎల్ (ncpa.cpl) అని కొట్టండి. మీ వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో ఐపీవీ4 మీద డబుల్ క్లిక్. అక్కడ నంబర్లు ఉంటే 'అబ్‌టెయిన్ డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్ ఆటోమేటికల్లీ' అన్న దానికి మార్చండి. ముందే ఆటోమేటిక్‌లో ఉంటే 1.1.1.1, 1.0.0.1 పెట్టండి (లేదా 8.8.8.8, 8.8.4.4). ఇక్కడ చాలామంది ఒకటి వదిలేస్తారు: ఐపీవీ6, అంటే కొత్త తరహా అడ్రస్‌ల పద్ధతి. ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి 'డీఎన్ఎస్ సర్వర్స్' దగ్గర చూడండి. కోలన్లతో ఉన్న పొడుగాటి అడ్రస్ కనిపిస్తే, మీరు ఐపీవీ4లో ఏం మార్చినా విండోస్ ఇంకా దాన్నే అడుగుతూ ఉండొచ్చు. ఐపీవీ6 ప్రాపర్టీస్‌లో కూడా 2606:4700:4700::1111 పెట్టండి.

పింగ్‌కి రిప్లై వస్తున్నా ఎన్ఎస్‌లుకప్ రెండుసార్లూ టైమౌట్ అయితే, పోర్ట్ 53 (డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే దారి) మీద వెళ్లే ప్రశ్నలను ఏదో ఆపుతుండొచ్చు. యాంటీవైరస్ ఫైర్‌వాల్‌నో, వీపీఎన్‌లోని కిల్ స్విచ్‌నో (వీపీఎన్ తెగితే నెట్ ఆపేసే సెట్టింగ్) ఐదు నిమిషాలు ఆపి, మళ్లీ పరీక్షించి, వెంటనే ఆన్ చేసేయండి. టైమౌట్ కాకుండా 'నాన్-ఎగ్జిస్టెంట్ డొమైన్' వస్తే సర్వర్ జవాబు చెప్పినట్టే, ఆ పేరు లేదంటోంది. ముందు స్పెల్లింగ్ చూసుకోండి. అలా లేదని జవాబు వచ్చాక విండోస్ రెండో సర్వర్‌ని అడగదు, కాబట్టి రెండో నంబరు పెట్టినంత మాత్రాన అది తీరదు.

ఎన్ఎస్‌లుకప్ రెండుసార్లూ పనిచేసి బ్రౌజర్ ఒక్కటే మొండికేస్తోందా? క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ కింద 'యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్' ఆపి చూడండి. ఇది ఎన్‌క్రిప్షన్‌తో నడుస్తుంది కాబట్టి కంప్యూటర్ తేదీ, టైము బాగా తప్పుగా ఉన్నా సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతుంది. ఒకట్రెండు సైట్లే రాకపోతే హోస్ట్స్ ఫైల్ (కొన్ని పేర్లకు నంబర్లు కంప్యూటర్‌లోనే రాసిపెట్టే ఫైల్) కూడా తెరవండి. సిస్టమ్32 లోపల డ్రైవర్స్, అందులో ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. ఎన్ఎస్‌లుకప్ దాన్ని అసలు చూడదు, అందుకే అక్కడ తప్పుంటే ఈ పరీక్షలో బయటపడదు.

విండోస్ నెట్‌వర్క్ భాగాన్ని మొదటి స్థితికి తెచ్చే నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ (netsh winsock reset) చాలామంది మొట్టమొదటే చెబుతారు. దాన్ని చివరికి ఉంచుకోండి. అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి, తర్వాత రీస్టార్ట్ తప్పనిసరి. దాంతోపాటు ఐపీ రీసెట్ (netsh int ip reset) కూడా చేసేట్టయితే, చేత్తో పెట్టుకున్న ఐపీ అడ్రస్, గేట్‌వే తుడిచిపెట్టుకుపోతాయి. ముందే కాగితం మీద రాసుకోండి.