ఎమ్మార్పీ దాటి బిల్లు చేస్తే పంచాయతీ కట్టాలా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. నేను వార్డు మెంబర్ని. వరద తీశాక వీధి దీపాలకి మా పంచాయతీ 40 ఎల్‌ఈడీ బల్బులు కొంది. డబ్బా మీద ఎమ్మార్పీ రూ.130. బిల్లులో మాత్రం రూ.5,200 మీద జీఎస్టీ రూ.936, పంటు (ఏరు దాటించే పడవ) ఖర్చు రూ.600 కలిపి మొత్తం రూ.6,736 వేశారు. అడిగితే "గవర్నమెంటు కొనుగోలుకి ఎమ్మార్పీ వర్తించదు, పైగా ఇది వరద అర్జంటు" అంటున్నారు. నిజమేనా? పేరు వేయొద్దు.

జవాబు: నిజం కాదండి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో 18వ రూలు ప్రకారం, ప్యాక్ చేసిన సరుకును దాని మీద అచ్చయిన చిల్లర ధర (అదే ఎమ్మార్పీ) దాటి ఎవరూ అమ్మకూడదు. కొన్నది పంచాయతీయా, పక్కింటాయనా అన్న తేడా ఆ రూలులో లేదు. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిసిన ధర. బిల్లులో జీఎస్టీని విడగొట్టి చూపించుకోవచ్చు గానీ, అన్నీ కలిపినా బల్బుకి రూ.130 దాటకూడదు. కాబట్టి ఆ రూ.936 ఎక్కువ వసూలే, అందులో సందేహం అక్కర్లేదు.

"గవర్నమెంటుకి వర్తించదు" అన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. సంస్థలు సొంత వాడకానికి కంపెనీ నుంచో, హోల్‌సేల్ డీలరు నుంచో నేరుగా తెప్పించుకునే ప్యాకెట్లకి ఆ రూల్స్‌లో మినహాయింపు ఉంది. అలాంటి వాటి మీద 'చిల్లర అమ్మకానికి కాదు' అని రాసి ఉంటుంది. మీ డబ్బా మీద ఎమ్మార్పీ ఉంది, కొన్నది టౌన్లో షాపులో. ఇక్కడ ఆ వాదన నిలబడదు.

పంటు ఖర్చు సంగతి వేరు. ఏరు దాటించి సరుకు ఊళ్లోకి చేర్చడానికి నిజంగానే డబ్బవుతుంది, అది పంచాయతీ పెట్టుకోవచ్చు. అయితే దానికి వేరే వోచరు ఉండాలి: ఏ రేవు, ఏ తేదీ, డబ్బు ఎవరు పుచ్చుకున్నారు అన్న వివరంతో, పుచ్చుకున్నవాళ్ల సంతకంతో. 40 బల్బులు ఎంత బరువని? రెండు అట్టపెట్టెలు పట్టుకుని మనిషి పంటెక్కితే రూ.600 అవుతుందా అని ఆడిటరు అడగకపోతే మీరే అడగండి.

వరద అర్జంటుకి టెండరో, కొటేషన్లో సడలించవచ్చు. ఎమ్మార్పీని సడలించే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

అసలు నన్నడిగితే రూ.130 పెట్టి కొనడమే తప్పు. ఎమ్మార్పీ గరిష్ఠ ధరే తప్ప సరసమైన ధర కాదు. ఒక్క బల్బు కొనే మామూలు మనిషికే షాపువాళ్లు ఎంతో కొంత తగ్గిస్తారు, 40 కొంటే తగ్గించరా? సొంత డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో ప్రభుత్వ డబ్బుకీ అంతే జాగ్రత్త పడాలన్నది కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 21వ రూలు. అది కేంద్ర ఆఫీసులకి. మన రాష్ట్ర ఫైనాన్షియల్ కోడ్‌లోనూ ఇదే సూత్రం ఉంది. "ఎమ్మార్పీ లోపలే కొన్నాం" అన్నంత మాత్రాన ఆడిట్ అభ్యంతరం తప్పదు.

ఇక మీరు చేయాల్సింది. ఆ బల్బుల డబ్బాలు పారేయనివ్వకండి. ఎమ్మార్పీ, తయారైన నెల, బ్యాచ్ నంబరు కనపడేలా ఫొటోలు తీయండి. లేకపోతే "అవి పాత స్టాకు డబ్బాలు, మేమిచ్చింది కొత్త రేటు సరుకు" అని షాపాయన తప్పించుకుంటాడు. ఎమ్మార్పీ మీద ఎక్కువ ధర స్టిక్కరు అంటించి ఉంటే అది ఇంకో తప్పు. ధర తగ్గించడానికైతేనే స్టిక్కరు వేయొచ్చు, అదీ పాత ధర కనపడేలా.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద బిల్లు, వోచర్లు, కొటేషన్లు, తీర్మానం, స్టాకు రిజిస్టరు పేజీల నకళ్లు అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకి ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు.

కాగితాలు చేతికొచ్చాక తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చు. అయితే వాళ్లు షాపుకి జరిమానా వేస్తారు, పంచాయతీ డబ్బు తిరిగి రాదు. వినియోగదారుల కమిషన్‌కి మీరు వెళ్లలేరు, ఎందుకంటే కొన్నది మీరు కాదు. డబ్బు రాబట్టే దారి స్టేట్ ఆడిట్. నష్టానికి కారణమైన వాళ్ల దగ్గరే వసూలు చేయించే సర్‌చార్జి అధికారం వాళ్లకుంది.

ఏసీబీకి వెళ్లమంటారా అని కూడా రాశారు. లంచమో వాటాయో ముట్టిందనడానికి ఆధారం లేకుండా వద్దు. సెక్రటరీ గారు బిల్లు చదవకుండా సంతకం పెట్టి ఉండవచ్చు కూడా. ముందు పంచాయతీ సమావేశంలో రాతపూర్వకంగా లేవనెత్తి, మీ అభ్యంతరం మినిట్స్‌లో ఎక్కించండి. రూ.936కి షాపు నుంచి క్రెడిట్ నోటు (ఎక్కువ వేసిన మొత్తాన్ని బిల్లులో తగ్గించామని షాపు ఇచ్చే కాగితం) తెప్పించి, ఆ డబ్బు పంచాయతీ ఖాతాలో జమ చేయించమని అడగండి. వారంలో జమ అయితే సరే, లేదంటే ఆ మినిట్స్ నకలు జతచేసి ఆడిట్‌కి రాయండి.