కంపైలర్ మార్చే ముందు రికార్డు కొలవండి

ప్రశ్న: మా రైస్ మిల్లులో ధాన్యం బస్తాల లెక్క 286 ప్రాసెసర్ ఉన్న పాత మెషీన్ మీద, టర్బో సీ అనే 16-బిట్ కంపైలర్‌తో (రాసిన ప్రోగ్రాంను మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) తయారుచేసిన ప్రోగ్రాంతో నడుస్తోంది. డాస్ ఉన్న పెంటియం మీదికి మార్చాలని డీజేజీపీపీ అనే 32-బిట్ సీ కంపైలర్‌తో మళ్లీ కంపైల్ చేశాం. పాత డేటా ఫైలు తెరిస్తే పార్టీల పేర్లు, బరువులు కలగాపులగంగా వస్తున్నాయి. ఏ కంపైలర్ వాడాలి?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: ప్రోగ్రాం డాస్ ఇచ్చే 640 కేబీ మెమరీలో ఇముడుతున్నంత కాలం టర్బో సీనే ఉంచుకోండి. 286 మీద తయారైన ఈఎక్స్‌ఈ ఫైలు పెంటియం మీద అలాగే నడుస్తుంది. డీజేజీపీపీ ప్రోగ్రాంకు కనీసం 386 ప్రాసెసర్ ఉండాలి కాబట్టి పాత మెషీన్‌ను గోడౌన్‌లో వాడుకుందామన్నా కుదరదు.

కలగాపులగానికి కారణం రికార్డు పొడవు. లారీ నంబరు ఇంట్ (పూర్ణాంకం), బరువు లాంగ్ (పెద్ద పూర్ణాంకం), పేరు 21 అక్షరాలు, ధర ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అనుకుందాం. టర్బో సీలో 2+4+21+4, మొత్తం 31 బైట్లు. డీజేజీపీపీలో ఇంట్‌కే 4 బైట్లు, తర్వాతి అంశాన్ని 4 బైట్ల హద్దుకు సర్దడానికి పేరు వెనక మరో 3 ఖాళీ; మొత్తం 36. అందుకే మొదటి రికార్డులోనే పేరు ముందు రెండక్షరాలు ఎగిరిపోతాయి, ఆ తర్వాత రికార్డుకు 5 బైట్ల చొప్పున తేడా పెరుగుతూ పోతుంది. ఇంట్‌ను 2 బైట్ల షార్ట్ చేసినా 36 తగ్గదు, షార్ట్ వెనక 2 బైట్లు ఖాళీ వదులుతుంది గనక. షార్ట్ చేసి, స్ట్రక్ట్‌కు (కోడ్‌లో రికార్డు నిర్వచనం) ఖాళీలు వదలొద్దని చెప్పే ప్యాక్డ్ ఆట్రిబ్యూట్ కూడా పెడితేనే 31 వస్తుంది. రికార్డు పొడవు చెప్పే సైజాఫ్ విలువ ముద్రించి, డేటా ఫైలు సైజును దానితో భాగించండి. శేషం సున్నా రావాలి.

ఇంకో జాగ్రత్త. 75 కిలోల బస్తాలు 437 అయితే 32,775 కిలోలు. టర్బో సీ ఇంట్ 32,767 దాటదు, మైనస్ 32,761 చూపిస్తుంది. గుణించే ముందే లాంగ్ చేయండి.

రెండు మెషీన్లకూ ఒకే కొత్త కంపైలర్ కావాలంటే ఓపెన్ వాట్‌కామ్ 16-బిట్ మంచిది. రికార్డులో ఖాళీలు వదలకుండా చేసే జెడ్‌పీ1 ఆప్షన్ తప్పనిసరి. కర్సర్‌ను జరిపే గోటూఎక్స్‌వై, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ డాట్ హెచ్ అందులో లేవు. స్క్రీన్ భాగం తిరగరాయాలి.

ప్రశ్న: టర్బో పాస్కల్ 7 ప్రోగ్రాం కొత్త పెంటియంలో మొదలవగానే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోతోంది.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: తప్పు మీ కోడ్‌లో లేదు. స్క్రీన్, కీబోర్డు పనులు చూసే సీఆర్‌టీ యూనిట్ మొదట్లోనే, కొంతసేపు ఆపే డిలే ఆదేశం కోసం మెషీన్ వేగం కొలిచి 55తో భాగిస్తుంది. వేగం ఎక్కువైతే ఫలితం 16 బిట్లలో పట్టదు. అదే యూనిట్‌తో మళ్లీ కంపైల్ చేసినా లాభం లేదు. సరిచేసిన సీఆర్‌టీతో చేయండి. ఫ్రీ పాస్కల్ అనే మరో కంపైలర్‌కు మారాలనుకుంటే ముందు ఫైళ్లలోని 6 బైట్ల రియల్‌ను (దశాంశ సంఖ్య) టర్బో పాస్కల్‌తోనే 8 బైట్ల డబుల్‌గా మార్చుకోండి, ఫ్రీ పాస్కల్‌లో రియల్ 8 బైట్లు.