ధర రాయవయ్యా తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాక చిరాకేసింది. మళ్లీ చదివితే ఇంకా ఎక్కువ వేసింది, ఎందుకంటే చివరి పేజీలో ఒక గొప్ప సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేసి, తిరిగి "వెన్నలాంటి మనసు" దగ్గరికే వెళ్లిపోయావు. పాత నాణేలు అమ్మే మనిషి మీద అన్ని పేజీలు రాసి, ఒక్క నాణేనికైనా ధర చెప్పకపోతే ఎలాగయ్యా?

అమ్మమ్మ పెట్టెలోని హాలీ సిక్కాలు, అంటే నిజాం నాణేలు, అమ్మడానికి తీసుకెళితే ఆయన కొనకుండా పంపేశారన్నావు. అసలు కథ అదే కదా! వ్యాపారి బతికేదే తక్కువకు కొని. ఎదురుగా ఏమీ తెలియని కుర్రాడు, చేతిలో చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయలు. వెండి లెక్క కట్టి డబ్బులు చేతిలో పెడితే నువ్వు సంతోషంగా వెళ్లిపోయేవాడివి. ఆ లెక్కన చూస్తే హాలీ రూపాయికి పెద్దగా వచ్చేదీ లేదు: 11.18 గ్రాముల బరువు, అందులో వెండి నూటికి 82 పాళ్లకు కాస్త తక్కువ. ఇంగ్లీషువాళ్ల రూపాయి, అదే కల్దార్‌లో దాదాపు 92. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు ఇచ్చింది ఊరికే కాదు.

ఆయన భూతద్దం నీ చేతికిచ్చి నాణెం మీది చార్మినార్ గుమ్మంలోకి చూడమన్నారా? అక్కడ మీమ్ అనే ఉర్దూ అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం, అయిన్ అనే అక్షరం ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలం. ఉస్మాన్ 1911లో గద్దెనెక్కిన కొత్తలో ఆ అయిన్ కురచగా పడేది, కలెక్టర్లు దాన్ని పనిగట్టుకుని వెతుకుతారు. నీ పెట్టెలో అలాంటిది ఉందా? ఆ వెండి లెక్కకీ అసలు విలువకీ మధ్య తేడా ఎంతో, అంత ఆయన వదులుకున్నాడు. ఆ అంకె రాస్తే చాలు, వెన్నతో పనిలేదు.

హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర నాకూ అలాంటి నాణేల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఇంకెవరో తెచ్చిన 1939 నాటి అరుదైన జార్జి రాజు రూపాయి అప్పు చేసైనా కొనాలని నేను తహతహలాడుతుంటే, అద్దం కింద పెట్టి చివరి అంకె చూపించాడు. 8ని గీకి 9 చేశారు. "నక్కో", వద్దు అని, ఒకే మాట అన్నాడు. ఆ పూట నా వల్ల ఆయనకు పైసా రాలేదు, పైగా టీ ఇప్పించాడు. అలాగని ధర్మాత్ముడేం కాదు, బేరంలో నా తోలు తీసేవాడు. అదంతా రాసి ఒక వారపత్రికకు పంపితే, అక్కడి సంపాదకుడు ధరలన్నీ కొట్టేసి, బేరాలూ కొట్టేసి, "ఆత్మీయ స్మృతి" అని శీర్షిక పెట్టి వేశాడు. సాహిత్యంలో కొట్టు లెక్కలెందుకట! ఇప్పటికీ అదే ఫ్యాషన్. చనిపోయినవాళ్లందరూ దేవుళ్లే, ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అని ఏవేవో అడిగావు. అవి తర్వాత. అన్నట్టు, పెట్టెలో మిగిలినవాటిని చింతపండుతో తోమొద్దని మీ అమ్మకు చెప్పు, పైపొర పోతే ధర పడిపోతుంది.

ఆ రోజుల్లో హాలీ రూపాయి ఎంత పలికేదో నీకు గుర్తులేకపోతే మీ నాన్నగారిని అడిగి, తిరగరాసి పంపు. ఈసారి ఫోన్లో ఫోటోలు తీసి పంపకు, నా కళ్లకు ఆనడం లేదు.