న్యూజెర్సీ పెరట్లో టమాటా పూల మీది తుమ్మెద: యాప్ మూడు పేర్లు ఎందుకు చెబుతోంది

టమాటా పూల మీద వాలిన తుమ్మెద ఫొటోలు పెట్టి, పురుగుల్ని గుర్తించే యాప్ దానికి మూడు పేర్లు ఎందుకు చెబుతోందని అడిగారు. మీ ఫొటోలన్నీ పక్కనుంచి తీసినవి. రెక్కల కింద పొట్ట (నడుము వెనక భాగం, దాని పైవైపు) కనిపించడం లేదు, యాప్ పసుపు వీపు ఒక్కటే చూసి చెబుతోంది. అక్కడి బంబుల్ బీలలో (నూగు ఒళ్లున్న లావు తేనెటీగలు) చాలావాటికి వీపు పసుపే.

1. ముందు పొట్ట మెరుపు చూడండి. నున్నగా, నల్లగా, అద్దంలా మెరిస్తే అది బంబుల్ బీ కాదు, కార్పెంటర్ బీ. మన ఊళ్లలో దూలాలు తొలిచే తుమ్మెద దీని బంధువే. బంబుల్ బీకి పొట్ట మీద కూడా నూగు ఉంటుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: పొట్ట మీది రెండో పట్టీ. మొదటి పట్టీ నడుము దగ్గర కిందికి వాలి ఉంటుంది, సగం రెక్కల చాటున. దాన్ని వదిలేసి లెక్కపెడితే రెండోది అనుకుని మూడోదాన్ని చూస్తారు, పేరు తప్పుతుంది. నడుము నుంచే లెక్కపెట్టండి. మొదటిది పసుపు అయ్యాక, రెండోదాన్ని బట్టి ఏ బంబుల్ బీ జాతో తేలుతుంది:
– రెండోది పూర్తిగా నలుపు: బాంబస్ ఇంపేషియన్స్. మీ వైపు ఎక్కువగా కనిపించేది ఇదే.
– రెండోదాని ముందు అంచున గోధుమరంగు నెలవంక: బాంబస్ గ్రైసియోకాలిస్.
– రెండోదాని మధ్యలో పసుపు మచ్చ, ఇంగ్లిష్ డబ్ల్యూ ఆకారంలో: బాంబస్ బైమాక్యులేటస్. సెప్టెంబరులో కనిపిస్తే ఇది కాకపోవచ్చు, దీని కాలం ముందే ముగుస్తుంది.

3. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పూల మీద మందకొడిగా ఉంటాయి. సరిగ్గా పైనుంచి స్లో మోషన్ వీడియో తీయండి, రెక్కలు విడిన ఫ్రేమ్ తీసుకోండి. ముఖం ఎదురుగా ఇంకొకటి.

ఆ రెండు ఫ్రేములూ, తేదీ పెట్టండి.