షుగర్ పుండు మీద ఈగ పురుగుల వైద్యం చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. అరికాలి పుండు నాలుగు నెలలైనా మానలేదు. కుళ్లిన భాగాన్ని రెండుసార్లు కోసి తీశారు. ఈగ పురుగులతో నయం చేస్తారని వీడియోలో చూశాం. నిజమేనా?

జవాబు: నిజమే. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ 2004లోనే అనుమతించింది. కాకపోతే ఇంట్లో ముసిరే ఈగల పురుగులు కావవి. లుసీలియా సెరికాటా అనే ఆకుపచ్చ ఈగ గుడ్లను ల్యాబ్‌లో క్రిమిరహితం చేసి పొదిగించినవి. పుండులో వేసేటప్పుడు బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. చదరపు సెంటీమీటరుకు 5 నుంచి 10 చొప్పున వేస్తారు. చుట్టూ ఉన్న మంచి చర్మానికి జింక్ ఆక్సైడ్ పూసి, పైన గాలాడే సన్నని వల, ఆపైన గాజుగుడ్డ కడతారు. పురుగులు వదిలే రసాలకు చచ్చిన కండ జావలా కరిగిపోతుంది, ఆ జావనే అవి పీల్చుకుంటాయి. 48 నుంచి 72 గంటలకు సెంటీమీటరు దాకా పెరుగుతాయి, అప్పుడు కడిగి తీసేస్తారు.

రసితో తడిసిన పైగుడ్డను ఎప్పటికప్పుడు మార్చకపోతే పురుగులకు ఊపిరాడదు. పుండు ఎండినా బతకవు. అరికాలి పుండుతో ఇంకో చిక్కు: రోగి ఆ కాలు మోపితే నలిగి చస్తాయి.

ఇదంతా పుండును శుభ్రం చేయడం వరకే. కాలి పుండ్ల మీద బ్రిటన్‌లో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, పుండు మీద వేసే జెల్ కంటే పురుగులే త్వరగా శుభ్రం చేశాయి. కానీ పుండు మాత్రం ముందుగా మానలేదు, పైగా నొప్పి ఎక్కువైంది.

రెండుసార్లు కోసినా మానలేదంటే నా అనుమానం వేరే చోట. కాలికి రక్తం సరిగా అందుతోందా? చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చి చూడాలి. నిష్పత్తి 0.9 కంటే తగ్గితే రక్తనాళాల డాక్టర్‌ను కలవండి. షుగర్‌తో నాళాలు గట్టిపడితే ఈ అంకె బాగున్నట్టే కనిపిస్తుంది, కాబట్టి బొటనవేలి బీపీ కూడా చూపించండి. ఎముకకు చీము పట్టిందేమో ఎక్స్‌రే తీయించండి. ఆయన అదే కాలితో నడుస్తుంటే ఏ వైద్యమూ పట్టదు. పాదం మీద బరువు పడకుండా కాస్ట్ (పిండికట్టు లాంటిది) వేయించాలి.

రక్తం పలుచబడే మందులు వాడేవారికీ, పెద్ద రక్తనాళం పక్కనున్న పుండ్లకూ ఈ పురుగులు వద్దు. ఇక పుండును ఈగలకు వదిలేసే ప్రయోగం ఇంట్లో అసలు చేయకండి. మన దగ్గర పుండ్లలో పడే క్రైసోమియా బెజ్జియానా పురుగు బతికున్న కండనే తొలిచేస్తుంది. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకుతున్నా ఆ రోజే ఆసుపత్రిలో చేర్చండి.