నచ్చనిది ఆన్‌లైన్ చదువా, అప్పటి చదువా?

ప్రశ్న: 2020లో డిగ్రీలో చేరాను. కోవిడ్ వల్ల మొదటి మూడు సెమిస్టర్లు ఇంట్లోనే ఫోనులో పాఠాలు విన్నాను. ఏ మాత్రం తృప్తి కలగలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ పీజీ చదవాలంటే ఆన్‌లైన్ తప్ప దారి లేదు. చేరాలంటే భయం, వదులుకోవాలంటే బెంగ. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ మూడు సెమిస్టర్లలో మీకు కాస్తయినా నచ్చిన సబ్జెక్టు ఒక్కటి గుర్తు చేసుకోండి. నా దగ్గరికి వచ్చేవారిని ఈ మాట అడిగితే "అన్నీ అంతేనండీ" అని మొదలుపెట్టి, కాసేపటికి "ఒక్కటి మాత్రం..." అని నసుగుతారు. అలా నసిగిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. అదే గది, అదే ఫోను, అదే సిగ్నలు. ఆర్థికశాస్త్రం క్లాసులో గంటన్నర సేపు నల్లటి తెర మీద వరసగా పేర్లు, స్లయిడ్లు చదువుతూ పోయే ఒక గొంతు. స్టాటిస్టిక్స్ మాస్టారు మాత్రం ప్రతి సోమవారం పొద్దున్నే నాలుగు వరుసల సందేశం పెట్టేవారట. ఈ వారం ఏం చదవాలి, ఏ లెక్కలు చేయాలి, శుక్రవారంలోగా ఏం పంపాలి, అంతే. పంపిన లెక్కకు రెండు రోజుల్లో జవాబు వచ్చేది: "మూడో మెట్టులో మైనస్ గుర్తు జారిపోయింది, మళ్లీ చూడు." ఆ అమ్మాయి ఎదురు చూసిన క్లాసు ఏదో వేరే చెప్పనక్కర్లేదు.

అందరూ ముందు నెట్‌వర్క్‌నే తిడతారు. సిగ్నలు లేకపోతే అసంతృప్తి ఖాయమే, కాదనను. కానీ పొయ్యి వెలిగినంత మాత్రాన వంట అయిపోదు. పాఠానికి ఒక వరస ఉండటం, అడిగినదానికి అవతల నుంచి మనిషి పలకడం, ఈ రెండూ ఉన్నచోట విద్యార్థులు తక్కిన ఇబ్బందులను చాలావరకు సర్దుకుంటారని నా అనుభవం.

మీకు ఆ రెండూ దొరకకపోవడానికి కారణం ఉంది. 2020 మార్చిలోనే చార్లెస్ హాడ్జెస్, మరికొందరు విద్యా పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. అప్పుడు జరుగుతున్నదాన్ని ఆన్‌లైన్ విద్య అనకూడదని, అది "అత్యవసర దూరబోధన" అని వారి వాదన. పూర్తి ఆన్‌లైన్ కోర్సును పద్ధతిగా తయారు చేయడానికి మామూలుగా 6 నుంచి 9 నెలలు పడుతుందని అందులో రాశారు. మీ అధ్యాపకులకు చిక్కినవి కొద్ది రోజులో, వారాలో. పాపం, మ్యూట్ బటన్ ఎక్కడుందో వెతుక్కోవడానికే కొందరికి సగం సెమిస్టర్ గడిచిపోయింది.

పైగా అలసట. తెర మీద దగ్గరగా కనిపించే ముఖాలు, ఎప్పుడూ ఎదురుగా మన ముఖమే, కదలకుండా కూర్చోవడం, సైగలు అందక మెదడుకు అదనపు శ్రమ: వీడియో కాల్స్ అలసటకు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో చెప్పిన నాలుగు కారణాలివి. రికార్డు చేసిన పాఠాలు ఎక్కువగా ఉండే కోర్సులో ఈ బాధ బాగా తగ్గుతుంది.

ఇక మీకు అంతగా రుచించని మాట ఒకటి. తృప్తి కలగలేదంటే నేర్చుకోలేదని అర్థం కాదు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం విద్యార్థులపై జరిపిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. తామే తంటాలు పడి లెక్కలు చేసినవారికి, చక్కటి ఉపన్యాసం విన్నవారికంటే పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయి. అయినా తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. అది మామూలు తరగతి గదిలో జరిగిందే అనుకోండి, అయినా కోర్సు ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి. హాయిగా సాగిపోయే వీడియోల కన్నా మీ చేత పని చేయించే కోర్సే మీకు మేలు చేస్తుంది.

మీలోనూ మార్పు వచ్చి ఉంటుంది. అప్పుడు స్నేహితులు లేరు, ఇంట్లో అందరికీ ఆందోళన, గడువు దాటినా గట్టిగా అడిగేవారు తక్కువ. ఇప్పుడు చెప్పిన తేదీకి పని అప్పగించడం మీ ఉద్యోగంలో భాగం. రోజూ ఒకే వేళకు గంటన్నర కేటాయించి, ఏదైనా ఉచిత కోర్సు నెల రోజులు చేసి చూడండి. రెండో వారంలోనే వదిలేస్తే, పీజీ ఫీజు కట్టే ముందు మళ్లీ ఆలోచించాల్సిందే.

అది నిలబడితే, డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో చూసుకుని, మీరు అనుకుంటున్న విశ్వవిద్యాలయానికి ఒక మెయిల్ రాయండి. ఒక వారం పాఠం నమూనాగా చూపిస్తారా? అసైన్‌మెంట్లు ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? అధ్యాపకులతో మాట్లాడటానికి నిర్ణీత వేళ ఉందా? చదువుతున్నవారిని కూడా అడగండి, కొత్తగా చేరినవారిని కాదు, రెండో సెమిస్టర్ దాటినవారిని. మెయిల్ పంపిన తేదీ రాసి పెట్టుకోండి. జవాబు ఎన్ని రోజులకు వచ్చిందో, అందులో మీరు అడిగినదానికి సమాధానం ఉందో, బ్రోషర్ మాత్రమే ఉందో చూసి అప్పుడు నాకు మళ్లీ రాయండి.