కొత్త రిజిస్టరు, పాత జోకులు

మాస్టారూ,

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు గురించి మీరు పంపిన హాస్య వ్యాసం చదివాను. మొదటి పేరా మాత్రం తీసేయండి. గురువు కొవ్వొత్తి లాంటివాడని, తాను కరిగిపోతూ వెలుగునిస్తాడని రాశారు. అది సన్మాన పత్రాల్లో రాసే మాట. మీరు సర్వీసులో చేరి ఎన్నాళ్లయిందని, అప్పుడే కరిగిపోవడం?

అసలు వ్యాసం స్టాఫ్ రూమ్ కుర్చీ దగ్గర మొదలైంది. ఏ కుర్చీ మీదా పేరు రాసి ఉండదు, అయినా ఏది ఎవరిదో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చినాయన తెలియక ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ తలుపు వైపు చూశారు. అక్కడ నవ్వాను. వెంటనే కింద "ఆ దృశ్యం ఎంతో హాస్యాస్పదంగా ఉంది" అని రాశారు. నేను నవ్వేశాక నన్ను నవ్వమని చెప్పడం దేనికి? కొట్టేయండి.

హాజరు పిలవడాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. అది అన్యాయం. ఏడాది మొత్తం మీద కొత్త రిజిస్టరు తెరిచిన రోజు దొరికినంత సరుకు ఇంకెప్పుడూ దొరకదు. స్కేలు పెట్టి గీసిన గళ్లు, గుండ్రటి అక్షరాల్లో పేర్లు, ఒక్క కొట్టివేత ఉండదు. మూడో వారానికి సెక్షన్ మారినవాళ్లు, ఆలస్యంగా చేరినవాళ్లు, ఆబ్సెంట్ వేశాక ప్రత్యక్షమైనవాళ్లు కలిసి ఆ పేజీని మనుషులు తిరిగే చోటులా తయారుచేస్తారు. ఇక పిల్లలు పలికే తీరు. ఒకడు పేరు పూర్తికాకముందే అరుస్తాడు. ఒకమ్మాయికి పెదవులు కదులుతాయి గానీ శబ్దం రాదు, పక్క పిల్ల "వచ్చింది సార్" అని ఆమె తరఫున పూచీ పడుతుంది. వెనక బెంచీ వాడికి తన పేరు తనదేనని గుర్తు రావాలంటే ఎవరో మోచేత్తో పొడవాలి. ఒకే పేరు వాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ లేస్తారు, మీరు ఇంటిపేరు చేర్చి పిలవగానే ఇద్దరూ కూర్చుంటారు. ఇవన్నీ మీరు చూసే ఉంటారు. రాయాల్సినవి అవే.

సెలవుల్లో పిల్లలు అంతా మర్చిపోయారన్న గోడు చాలామంది పెట్టిందే. దాన్ని ఇంకోవైపు నుంచి చూడండి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థంలేని అక్షరాల వరసలు తనే బట్టీపట్టి, తన మరుపును తనే కొలుచుకుని, 1885లో ఆ ఫలితాలు అచ్చువేయించాడు. మరుపు మొదట్లో వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మర్చిపోయినదాన్ని మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత సమయం పట్టదు. మీ క్లాసులోనూ అంతే కదా! "ఈ చాప్టర్ మాకు చెప్పలేదు సార్" అని ముక్తకంఠంతో అన్నవాళ్లే, రెండో లెక్క బోర్డు మీద సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తారు. అది రాయండి. పోయినేడు వాళ్లకు ఆ పాఠం చెప్పినాయన అప్పుడే వరండాలో వెళ్తుంటే మరీ మంచిది. పనిలో పనిగా, సెలవులకు ముందు బీరువా తాళం ఎక్కడ పెట్టారో మీకు గుర్తులేకపోవడం కూడా రాయండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది నత్తి కుర్రాడి మీద మీరు జోకు వేసిన పేరా గురించి. నాట్యశాస్త్రం నవ్వుని ఆరు రకాలు చేసింది. పళ్లు కనబడని స్మితంతో మొదలై, పక్కలు పట్టుకుని నవ్వే అతిహసితం దాకా. మొదటి రెండూ ఉత్తములకి, చివరి రెండూ అధములకి అంది. క్లాసులో టీచర్ జోకు వేస్తే అతిహసితం గ్యారంటీ, ఎందుకంటే మార్కులు ఆయన చేతిలో ఉంటాయి. చదివేవాడికి ఆ మొహమాటం లేదు. పైగా ఆ కుర్రాడు తిరిగి మీ మీద వ్యాసం రాయలేడు. ఆ పేరా తీసేయండి.

హెడ్మాస్టరు గారి ప్రసంగం మీద రాసింది ఉంచండి. ఆయన మీకన్నా పై మెట్టు మీద ఉన్నారు, తట్టుకోగలరు. మరీ టెన్షన్‌గా ఉంటే ఆయన మీసం తీసేసి కళ్లద్దాలు పెట్టండి. పిల్లలకైతే పేర్లు, ఊతపదాలు, కూర్చునే చోటు అన్నీ మార్చాల్సిందే. ఎవరి గురించో తోటి పిల్లలు పోల్చుకోకూడదు.

టైమ్‌టేబుల్ పేరా ఫిర్యాదు పత్రంలా ఉంది. చివరి పీరియడ్లన్నీ మీకే పడ్డాయని వాపోకండి. టైమ్‌టేబుల్ వేసినాయనకు మాత్రం చివరి పీరియడ్ ఒక్కటీ పడకపోవడం చూసి, ఆయన అదృష్టానికి సంతోషించి ఊరుకోండి.

"పిల్లలే నా గురువులు" అన్న ఆఖరి వాక్యం కూడా వద్దు. దాని ముందు వాక్యంలో, ఇంటికెళ్తున్న పిల్లాడు "రేపు కూడా మీరేనా సార్?" అని అడిగాడు కదా, వాడు ఆశగా అడిగాడో భయంగా అడిగాడో తేల్చకుండా ఆపేయండి.

తిరగరాసి పంపండి. యూనిట్ టెస్ట్ పేపర్ల కట్టలు మీ బల్ల మీదికి రాకముందే పంపండి. అవి వచ్చాక మీకు జోకులు తట్టవు.

ఇట్లు,
మీ వ్యాసాన్ని రెండుసార్లు చదివినవాడు